తినే పక్షి నాటిన చెట్టు

మా విజయనగరంలో ప్రవచనాలకి కొదవ లేదు. కార్తీకమాసమనో, ధనుర్మాసమనో, శ్రీరామనవమనో ఏదో ఒక కల్యాణమండపంలో మైకు మోగుతూనే ఉంటుంది. ఉద్యోగంలో ఉన్నప్పుడు తీరిక దొరికినప్పుడు వెళ్లేదాన్ని, రిటైరయ్యాక తీరికే ఉద్యోగమైంది. ఇన్నేళ్లు విన్నాక ఒక మాట గట్టిగా చెప్పగలను. ఉపనిషత్తుల మీద మాట్లాడే ఏ వక్తా ఆ రెండు పక్షుల్ని వదిలిపెట్టడు. ఒకే చెట్టు మీద రెండు పక్షులు, ఎప్పుడూ కలిసే ఉండే నేస్తాలు. ఒకటి పండు తింటూ ఉంటుంది. రెండోది తినదు, చూస్తూ ఉంటుంది. తినేది జీవుడు, చూసేది పరమాత్మ. ఇంతవరకూ చెప్పి వక్తగారు కాసిని మంచినీళ్లు తాగి అసలు సంగతికి వస్తారు. "కాబట్టి అమ్మా, మీరు కూడా సాక్షిగా ఉండడం నేర్చుకోండి. సంసారాన్ని చూడండి, అంటించుకోకండి." ముందు వరుసల్లో తలలూగుతాయి. ఆ ఊగిన తలలే తిరిగొచ్చేటప్పుడు ఆటోలో కోడళ్ల వంటల్లో ఉప్పు గురించి మాట్లాడతాయి, అది వేరే సంగతి.

నాకు ఆ "కాబట్టి" దగ్గరే పేచీ. మంత్రంలో రెండు పక్షులున్న మాట నిజమే. మొదటి పక్షి రెండో పక్షి వేషం వేసుకోవాలని ఎక్కడుంది?

నేను వేదాంతం చదువుకున్నదాన్ని కాను. జీవితమంతా డిగ్రీ పిల్లలకి బోటనీ చెప్పాను. చెట్టు పేరు ఎత్తితే నాకు ముందు వేరు, గింజ, కాయ గుర్తొస్తాయి, ఆ తర్వాతే ప్రతీకలు. అందుకే కాబోలు, మండపంలో ఎన్నాళ్లు విన్నా తెగని ఈ పేచీ ఒక నిజమైన చెట్టు కింద నిలబడ్డాక గానీ ఒక దారికి రాలేదు. ఆ చెట్టు నైనీతాల్ జిల్లాలో, సాత్‌తాల్‌కి కాస్త దిగువన, కొండ వాలులో ఉన్న ఒక చిన్న ఊళ్లో ఉంది.

మా అల్లుడు పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పనిచేస్తాడు. మే నెలలో వాళ్లింటికి వెళ్తే తరాయి ఎండ మన ఎండకి ఏమీ తీసిపోలేదు. "అమ్మని పైకి తీసుకెళ్లండి" అని మా అమ్మాయి పోరితే కొండెక్కాం. రైలు పట్టాలు కాఠ్‌గోదాంతో సరి. అక్కణ్నుంచి భీమ్‌తాల్ మీదుగా సాత్‌తాల్ వెళ్లేసరికి సుమారు 1370 మీటర్ల ఎత్తు. బాంజ్ అని వాళ్లు పిలిచే ఓక్ చెట్లు, చీడ్ అనే పైన్ చెట్లు, వాటి మధ్య చిన్న చిన్న సరస్సులు. స్టాన్లీ జోన్స్ అనే అమెరికన్ మిషనరీ 1930లో అక్కడొక క్రైస్తవ ఆశ్రమం పెట్టాడు. మన ఆశ్రమాల పద్ధతి చూసి నేర్చుకుని, తెల్లవారగానే అందరూ మౌనంగా కూర్చునేలా ఏర్పాటు చేసుకున్నాడు. ఇప్పుడు తెల్లవారకముందే లేచి ఆ అడవిలో మౌనంగా కూర్చునేవాళ్లలో ఎక్కువమంది దేవుడి కోసం వచ్చినవాళ్లు కారు, పక్షుల కోసం వచ్చినవాళ్లు.

మాకు కుదిరిన గైడు సాత్‌తాల్ దిగువనున్న ఆ చిన్న ఊరి కుర్రాడే. నన్ను "ఆంటీజీ" అనేవాడు, మా అల్లుణ్ని "సర్‌జీ". సర్‌జీ దుప్పట్లోంచి కదల్లేదు. నాలుగున్నరకి కుర్రాడు తలుపు తడితే నేనొక్కదాన్నే మోకాళ్లకి పట్టీలు కట్టుకుని, మంకీ క్యాప్ పెట్టుకుని బయల్దేరాను.

చీకట్లో మొదట వినిపించింది బ్లూ విజ్లింగ్ థ్రష్. వాగు దగ్గర రాళ్ల మీద కూర్చుని, నీళ్ల చప్పుడుని దాటి వచ్చేంత గట్టిగా ఈల వేసింది. కుర్రాడి మెడలో బైనాక్యులర్ వేలాడుతోంది గానీ దాన్ని ముట్టుకోలేదు. నడుస్తూ నడుస్తూ చెవి ఇటు తిప్పి, అటు తిప్పి, పేర్లు చెప్పుకుంటూ పోయాడు. "ఇది బుల్‌బుల్. అది దూరంగా అడవికోడి. ఇది ఆకురాయి రాపిడిలాంటి గొంతుది, మీకు పొద్దెక్కాక చూపిస్తాను." అడవిలో పక్షి చాలావరకు చెవికే దొరుకుతుందని, కంటికి దొరకడం అదృష్టమని ఆ గంటలో తెలిసింది. నాకు దీర్ఘతముడు గుర్తొచ్చాడు. ఆ రెండు పక్షుల మంత్రం ముండక, శ్వేతాశ్వతర ఉపనిషత్తుల్లో ఉన్నా అంతకంటే ముందు ఋగ్వేదంలోది. మొదటి మండలం, 164వ సూక్తం, 20వ మంత్రం. దాని ద్రష్ట దీర్ఘతముడు. ఆయన పుట్టుగుడ్డి అని భారతం చెబుతుంది. ఆ రెండు పక్షుల్నీ "చూసిన" మనిషికి కళ్లు లేవు! ప్రవచనకారులు ఈ ముక్క ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

తూరుపు తెల్లబడుతుండగా లోయ అవతలి నుంచి ఒక ఏడుపు మొదలైంది. ఏడుపనే అనాలి. సాగదీసి, విరిచి, మళ్లీ సాగదీసి, ఆపకుండా. దానికి ఇవతలి కొండ మీంచి ఇంకొకటి జవాబు. గ్రేట్ బార్బెట్. మన ఊళ్లలో వేసవి మధ్యాహ్నాలు టక్ టక్ మని కొట్టే కంసాలి పిట్ట కుటుంబమే ఇదీ, కాకపోతే అడుగు పైన పొడవుంటుంది, బార్బెట్లలో ఇంతకంటే పెద్దది లేదు. ఆ కొండల్లో దీనికొక కథ ఉంది. ఎవడో ఒకడు కోర్టు వ్యవహారంలో అన్యాయంగా ఓడిపోయి, ఆ దిగులుతో చచ్చిపోయి ఈ పక్షిగా పుట్టాడట. అందుకే పొద్దు పొడిచింది మొదలు "అన్యాయం, అన్యాయం" అని అరుస్తూ ఉంటుందట. కుర్రాడు నవ్వుతూ చెప్పాడు గానీ, ఆ కథ విన్నాక ఆ కూతలో వేరే మాట వినిపించదు.

ఊరి మొదట్లో ఒక రావిచెట్టు. దాని కింద గోలూ దేవత గుడి. గుడంటే పెద్దదేమీ కాదు, రాతిపలకల కప్పు, మనిషి వంగి దూరేంత గుమ్మం, గుమ్మానికీ కొమ్మలకీ కట్టిన ఇత్తడి గంటలు. అక్కడ ఆగమన్నాడు. రావిపళ్లు పండే కాలం. వెలుగొచ్చేసరికి చెట్టంతా పిగిలిపిట్టలు, చిలకలు. పై కొమ్మ మీద, లోయ అవతల అరిచినవో కాదో, రెండు గ్రేట్ బార్బెట్లు.

దగ్గరగా చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను. నీలం, ఊదా కలిసిన తల. పసుపుపచ్చని ముక్కు, ఆ ఒంటికి అది ఎక్కువే అనిపించేంత లావు. ముక్కు మొదట్లో గట్టి మీసాలు. వీపు గోధుమరంగు, రెక్కలు ఆకుపచ్చ, తోక కింద ఎర్రటి మరక. అందులో ఒకటి రావిపండుని ముక్కు కొనతో పట్టి, ఒక్క తిప్పు తిప్పి తెంపి, తల వెనక్కి విదిలించి మింగేది. కొరకడం, నమలడం ఏమీ లేదు. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. రెండోది జానెడు దూరంలో కదలకుండా కూర్చుని ఉంది. తినట్లేదు. మెడ కాస్త వాల్చి, తినేదాని వైపే చూస్తోంది.

నాకు ఒళ్లు జలదరించింది. మంత్రంలో ఆ పండు పిప్పలం, అంటే రావిపండే. చెట్టు అదే, పండు అదే, పక్షులు రెండూ ఉన్నాయి. నా వచ్చీరాని హిందీలో కుర్రాణ్ని అడిగాను, "అది ఎందుకు తినట్లేదు?" అని.

"దాని పొట్ట నిండింది ఆంటీజీ. ఇందాక చీకట్లోనే మొదలెట్టి ఉంటుంది. కాసేపు ఆగితే మళ్లీ తింటుంది."

కాసేపు ఆగాం. చూసే పక్షి ముక్కుని కొమ్మకేసి ఇటూ అటూ రుద్దుకుంది. తోక పైకెత్తి, కింద గుడి కప్పు మీద టప్‌మని రెట్ట వేసింది. పక్కకి రెండు గెంతులు గెంతి పండు తెంపింది. ఇప్పుడు మొదటిది ఊరుకుని చూస్తోంది.

నేను బైనాక్యులర్ దించి గుడి కప్పు వైపు చూశాను. రాతిపలకల సందులో రెండాకుల రావిమొక్క. ఆకు కొనలు అప్పుడే సాగుతున్నాయి, కాడ ఇంకా ఎర్రగానే ఉంది.

బోటనీ చెప్పినదానికి ఇందులో కొత్తేమీ లేదు. రావి గింజ ఆవగింజ కంటే చిన్నది. పండు చెట్టు మొదట్లోనే రాలితే, ఆ నీడలో దాని గింజలకి బతికే దారి తక్కువ. పక్షి మింగాలి, పొట్టలో మోసుకుపోవాలి, ఎక్కడో గోడ మీదో కొమ్మ పంగలోనో వదలాలి. గోపురాల మీద, పాత మేడల మీద మొలిచే రావిమొక్కల్లో మనిషి నాటింది ఒక్కటీ ఉండదు. రావికి, మర్రికి, మేడికి ఇదే కథ. పైగా ఆ పండు లోపల పూలకి పరాగసంపర్కం జరపడానికి ఒక్కో జాతికి ఒక్కో రకం కందిరీగ ఉంటుంది, గండుచీమ కంటే చిన్నది, అది లోపలికి దూరి అక్కడే గుడ్లు పెడుతుంది. మేడిపండు పొట్ట విప్పితే పురుగులని వేమన ఎత్తిపొడిచాడు కదా. ఆ పురుగులు లేకపోతే మేడిచెట్టే లేదని నేను క్లాసులో చెప్పేదాన్ని. పిల్లలు నవ్వేవారు గానీ పరీక్షలో ఆ ప్రశ్న ఎవరూ వదిలేవారు కాదు.

తెలిసిన విషయమే, ఆ పొద్దున ఆ మంత్రం పక్కన పెట్టి చూసేసరికి వేరేగా కనపడింది. రెండు పక్షులు కూర్చున్న చెట్టుని నాటిందెవరు? చూసే పక్షి కాదు. తినకుండా చూస్తూ కూర్చునే పక్షి వల్ల ఏ గింజా ఎక్కడికీ పోదు. తిన్న పక్షి ఎప్పుడో, ఎక్కడో తిని, తను నాటుతున్నానని కూడా తెలియకుండా నాటింది. తినే పక్షి లేకపోతే చూసే పక్షికి వాలడానికి కొమ్మ ఉండదు.

పండితులకి దీనికి జవాబుందని నాకు తెలుసు. "అమ్మా, మేం చెప్పేదీ అదే. ఆ చెట్టు శరీరం, పండు కర్మఫలం. జీవుడు కర్మ చేసి, ఫలం తిని, మళ్లీ జన్మకి విత్తనం వేసుకుంటాడు. అదే బంధం" అంటారు. బాగుంది. అయితే ఆ బంధం అనే చెట్టు మీదకే కదా రెండోవాడు కూడా వచ్చి వాలాడు. వేరే చెట్టు చూసుకోలేదు. మంత్రం "ఒకే చెట్టు" అని పట్టుబట్టి మరీ చెబుతోంది. ఈ రెండు పక్షులు ఎవరెవరన్న దాని మీద మన ఆచార్యుల మధ్య జరిగింది చిన్న వాదం కాదు. శంకరులు బ్రహ్మసూత్ర భాష్యంలో ఇంకో పాఠాన్ని తెచ్చి, తినేది బుద్ధి, చూసేది క్షేత్రజ్ఞుడు అనే అర్థాన్నీ ముందు పెట్టారు. మధ్వులకి ఇదే మంత్రం జీవేశ్వరులు ఎప్పటికీ ఇద్దరే అనడానికి బలమైన ఆధారం. ఎవరు గెలిచారో తేల్చే చదువు నాకు లేదు. కానీ చెట్టు ఎవరు నాటారన్న ప్రశ్న మాత్రం నేను విన్న ఏ ప్రవచనంలోనూ రాలేదు. తినడాన్ని చిన్నచూపు చూడడం మాత్రం అన్నిట్లోనూ విన్నాను. ముఖ్యంగా భోజనాల ఏర్పాటు ఉన్న సభల్లో!

ఇక చూడడం సంగతి. పక్షుల్ని చూడడానికి వచ్చాం, ఏమీ కోరం, ఏమీ తీసుకోం, కాబట్టి మాదే సాక్షి చూపు అనుకునేవాళ్లు ఆ సాత్‌తాల్ చుట్టుపక్కల చాలామంది కనిపించారు. మర్నాడు మా అల్లుడు లేచాడు, ఫొటోలు తీసుకోవాలని నన్నూ వెంటబెట్టుకుని ఒక "హైడ్"కి వెళ్లాడు. ఆకుపచ్చ గుడ్డతో కట్టిన పొడుగాటి గుడారం, అందులో కిటికీల్లాంటి కంతలు, ఒక్కో కంతకి ఒక్కో స్టూలు. ఎదుట పది అడుగుల దూరంలో ఒక నీళ్ల గుంట, నాచు పట్టించిన కొమ్మలు, కొమ్మ సందుల్లో దాచిపెట్టిన ధాన్యం, పండు ముక్కలు. గంటకింత అని డబ్బు. ఎర్రముక్కు నీలి మాగ్‌పై వచ్చి వాలిందో లేదో, కంతలన్నిట్లోంచీ కెమెరాలు ఒక్కసారి పేలాయి. అది ఎగిరిపోయాక ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. "రెక్క విప్పింది దొరికిందా?" "నాకు కొమ్మ అడ్డొచ్చింది." "ఇంక ఫోర్క్‌టెయిల్ ఒక్కటి పడితే ఈ ట్రిప్పుకి చాలు." పడితే అనే అన్నారు. పక్క గుడారంలో ఒకాయన ఫోన్లో ఏదో పక్షి కూత పెట్టి పదే పదే మోగించాడు. గూళ్లు కట్టుకునే కాలంలో అలా మోగిస్తే, తన చోటుకి ఇంకో మగపక్షి వచ్చిందనుకుని అది గూడు వదిలి పోట్లాటకి వస్తుంది. మా కుర్రాడు పళ్లు కొరుక్కున్నాడు గానీ ఏమీ అనలేదు, ఆయన కూడా ఊరికి డబ్బిచ్చే అతిథే.

నన్నడిగితే అదీ తినడమే, కాకపోతే కంటితో. నాకు షుగరొచ్చాక ఇంట్లో మిగతావాళ్లు బంగినపల్లి ముక్కలు తింటుంటే ఎదురుగా కూర్చుని చూస్తానే, ఆ చూపుకి ఎంత వైరాగ్యం ఉందో దీనికీ అంతే ఉంది.

అలాగని ఆ గుడారాలు పీకేయమనను. ఆ కంతల ముందు కూర్చునేవాళ్లిచ్చే డబ్బుతోనే ఆ ఊరి కుర్రాళ్లు హల్ద్వానీ హోటళ్లలో గిన్నెలు కడగడానికి పోకుండా ఇంటిపట్టున ఉంటున్నారు. పక్షి ఉంటేనే డబ్బు, చెట్టుంటేనే పక్షి అని లెక్క వచ్చాక చెట్టుకి విలువ పెరిగింది. అక్కడ కూడా, చూడండి, చెట్టుని నిలబెడుతున్నది తినేవాడి ఆకలే. కూత మోగించేవాడి ఫోన్ మాత్రం లాక్కోవచ్చు.

గోలూ గుడి దగ్గర, ఆ మొదటి పొద్దున్నే, ఒకావిడ వచ్చింది. నా కంటే పెద్దది, మోకాళ్లు మాత్రం నా కంటే గట్టివి. కుర్రాడు "ఆమా" అని పిలిచి కాళ్లకి దణ్ణం పెట్టాడు. కుమావూనీలో అవ్వని అలా అంటారు. ఆవిడ బుట్టలో కాఫల్ పళ్లు, రోడ్డు మీద అమ్మడానికి తీసుకెళ్తోంది. ముదురు ఎరుపు, చిన్న రేగుపండంత కూడా ఉండవు, లోపల పెద్ద గింజ. ఉప్పు అద్దుకుని తినాలి. ఆకులో వేసి ఇన్ని నా చేతిలో పెట్టింది. షుగరుందని చెప్పడానికి హిందీ తోచలేదు, తినేశాను. పులుపూ తీపీ కలిసిన రుచి.

అప్పుడే బాంజ్ అడవిలోంచి నాలుగు స్వరాల కూత వినిపించింది. కాస్త ఆగి మళ్లీ అవే నాలుగు. ఇండియన్ కుకూ, కోకిల జాతిది. ఆవిడ చెయ్యి పైకెత్తి "విను" అంది. కుర్రాడు హిందీలోకి మార్చి చెప్పిన కథ ఇది. ఒక పేద తల్లి పొద్దున్నే అడవికెళ్లి బుట్టెడు కాఫల్ కోసుకొచ్చింది. కూతుర్ని కాపలా పెట్టి, "ఒక్కటీ ముట్టకు" అని చెప్పి పనికి పోయింది. మధ్యాహ్నం ఎండకి పళ్లు వాడి, బుట్ట కుంగింది. తల్లి వచ్చి చూసి, తినేసిందనుకుని కొట్టింది. ఆకలితో ఉన్న పిల్ల ఆ దెబ్బకే పోయింది. సాయంత్రం చల్లబడ్డాక పళ్లు మళ్లీ ఉబ్బి బుట్ట నిండింది. తల్లి ఆ దుఃఖంతో పోయింది. ఇద్దరూ పక్షులయ్యారు. ఒకటి, కాఫల్ పండింది గానీ నేను రుచి చూడలేదని అరుస్తుంది. ఇంకొకటి, బుట్ట నిండుగానే ఉంది బిడ్డా అని జవాబు చెబుతుంది.

ఇక్కడా రెండు పక్షులే. పండూ ఉంది. తినకుండా చూస్తూ కూర్చున్నది ఒకటి. ముండకంలో తినని పక్షి నెమ్మదిగా చూస్తూ ఉంటుంది. కాఫల్ కథలో తినని పక్షి వేల ఏళ్లుగా "నేను తినలేదు" అని మొరపెట్టుకుంటోంది. తినకపోవడం దానికి ఏ శాంతీ ఇవ్వలేదు. దానికి కావలసింది తన మాట నమ్మేవాళ్లు. కడుపు మాడ్చుకుని కాపలా కాసే మనిషికీ, ఆకలే లేని దేవుడికీ తేడా ఉంది. ఆ తేడా చెరిపేసి ఇద్దర్నీ "సాక్షి" అనే ఒక్క పీట మీద కూర్చోబెట్టడం ఆకలితో ఉన్నవాళ్ల పట్ల అన్యాయం. ఒకే కూత ఒక్కోచోట ఒక్కోలా వినపడుతుందని కూడా చెప్పాలి. బెంగాల్‌లో అదే నాలుగు స్వరాలు కొత్తకోడల్ని మాట్లాడమని బతిమాలతాయి. కాంగ్డా లోయలో చనిపోయిన గొర్రెలకాపరి తన గొర్రె ఏదని అడుగుతాడు. ఎక్కడి వాళ్లు అక్కడి లోటునే విన్నారు. అసలు కోకిల జాతి కాబట్టి ఈ పక్షి పసులపోలిగాడి లాంటి వాటి గూళ్లలో గుడ్డు పెట్టి వెళ్లిపోతుంది, పిల్ల తల్లి మొహమే ఎరగదు. ఆ తల్లీకూతుళ్ల కథ అతుక్కున్నది అలాంటి పక్షికి.

కథ అయ్యాక ఆవిడ గుడి గంట కొట్టి, బుట్ట నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది. గోలూ దేవత ఆ కొండల్లో న్యాయదేవత. అక్కడికి దగ్గర్లోనే ఘోడాఖాల్‌లో, అల్మోడా దగ్గర చితయీలో ఆయన పెద్ద గుళ్లున్నాయి. వేలకొద్దీ గంటలు, గంటల మధ్య కాగితాలు. కాగితాలంటే అర్జీలు. పొలం తగాదా, ఉద్యోగం రాలేదు, కొడుకు కనపడ్డం లేదు, అత్తవారు కొడుతున్నారు. కొందరు స్టాంపు పేపరు మీదే రాయించి కడతారు. ఘోడాఖాల్‌లో నేను వాటి కింద నిలబడి చాలాసేపు చూశాను. ఒక్కదాంట్లోనూ "నన్ను సాక్షిగా మార్చు" అని ఉండి ఉండదు. "నువ్వు చూశావు కదా, చెప్పు" అనే ఉంటుంది అన్నిట్లోనూ.

ఇప్పుడు ముండకానికి వస్తాను. ప్రవచనాల్లో మొదటి మంత్రం దగ్గరే ఆగిపోతారు. దాని వెంటనే, ఊపిరి తీసుకోకుండా, రెండో మంత్రం ఉంది. శ్వేతాశ్వతరంలో కూడా ఆ రెండూ జంటగానే ఉన్నాయి. దాని సారం ఇది. అదే చెట్టు మీద మునిగిపోయి, తన చేతకానితనానికి దుఃఖపడుతూ ఉన్నవాడు, ఎప్పుడు ఆ రెండోవాణ్ని, ఆ రెండోవాడి మహిమని చూస్తాడో అప్పుడు దుఃఖం లేనివాడవుతాడు. మొదటి మంత్రంలో చూపు తినని పక్షిది. రెండో మంత్రంలో చూపు తినే పక్షిది! తినేది తలెత్తి చూసింది, అంతే. పండు ఉమ్మేసిందని లేదు, కొమ్మ మారిందని లేదు, తనే రెండో పక్షినని నటించిందని అసలే లేదు. ఏడ్చే పక్షి ఏడుస్తూనే చూసింది. ఆ చూడడమే ఏడుపు ఆపింది.

సాక్షిగా ఉండడం మన పని కాదని నేననేది అందుకే. ఆ పని చెయ్యడానికి ఒకడున్నాడని ఉపనిషత్తే చెబుతోంది, ఆ కొలువు ఖాళీగా లేదు. మనకిచ్చిన పని తినడం, తింటున్నప్పుడు అప్పుడప్పుడు తలెత్తడం. ఆ బార్బెట్ మింగిన ప్రతి పండుకీ తల వెనక్కి విదిలించేది, అది పండు గొంతు దిగడానికేనని నాకు తెలుసు, అంతకు మించి దానికి అర్థం అంటగట్టను. కానీ స్టాంపు పేపరు మీద అర్జీ రాసి గంటకి కట్టిన మనిషి మాత్రం తలెత్తే చూశాడు. వాడికి వైరాగ్యం లేదు, పొలం తగాదా ఉంది. రెండో మంత్రం వాడి గురించేనని నా నమ్మకం.

పోయిన ధనుర్మాసంలో ఒక వక్తగారితో సభ అయ్యాక ఈ మాట అన్నాను. "మీరు భక్తిలో మాట్లాడుతున్నారమ్మా, నేను జ్ఞానంలో మాట్లాడుతున్నాను" అన్నారాయన, కోపం లేకుండానే. అయ్యుండొచ్చు. "మరి రావిచెట్టు ఎవరు నాటారండీ?" అని అడిగితే ఆలోచించి, "అది మీ సబ్జెక్టు" అన్నారు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

నా సబ్జెక్టే కాబట్టి చివరగా ఒక మాట. మీ ఇంటి డాబా గోడలోనో, మీ ఊరి గుడి ప్రాకారంలోనో రావిమొక్క మొలిస్తే దాన్ని అక్కడ ఉంచకూడదు, వేరు ఊనితే గోడ చీలుస్తుంది. రావిని పీకితే పాపమని కొందరు అలాగే వదిలేస్తారు, కొందరు కూలివాడి చేత పీకించి ఆ పాపం వాడికి కడతారు. రెండూ వద్దు. తొలకరి పడ్డాక, గోడ తడిగా ఉన్నప్పుడు, సున్నం కాస్త గీకి వేరు తెగకుండా లాగండి. తడి గోనెసంచి ముక్క చుట్టి, ఆ సాయంత్రంలోగా చెరువుగట్టు మీదో బడి ఆవరణ చివరో గోతిలో పెట్టి, మేకలకి అందకుండా ముళ్లకంచె కట్టండి. ఒక వేసవి నీళ్లు పోస్తే చాలు, తర్వాత దాని బతుకు అదే చూసుకుంటుంది.